షిఫ్టు కింద దాచిన కొంగ

పోయిన వారం మా తమ్ముడు బిట్రగుంట బజారులో బియ్యం బస్తా కొని, తనకు పనుండి రాలేక, తెలిసినవాళ్ళ ఆటోలో వేసి పంపించాడు. బస్తా మూతి కుట్టు విప్పుదామని దారం కొస పట్టుకుని లాగితే, గింజల మీదనే ప్లాస్టిక్ కవరులో అరచేతంత నున్నటి పుస్తకం ఒకటి కనిపించింది. ఇప్పుడు ప్రతి వస్తువుతోనూ ఒక పుస్తకం ఇస్తున్నారు కదా, కుక్కరు ఎలా కడగాలో కూడా మనకు తెలియదన్నట్టు, ఇదీ అలాంటిదేదో అనుకుని పక్కన పడేయబోయి, అట్ట మీది బొమ్మ చూసి ఆగాను. కొంగ మార్కు. కళ్ళజోడు తెచ్చుకుని స్టూలు మీద కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఆ బియ్యంలో పురుగులు కనిపించినా నాకు అంత వెగటు పుట్టేది కాదు.

అందులో రాసింది ఏమిటంటే, తమ మార్కుకు కొత్త రూపు ఇవ్వడానికి బెంగుళూరు నుంచి డిజైనర్లను పిలిపించారట, వాళ్ళు నెలల తరబడి ఆలోచించి పాత కొంగ గీతలను సన్నం చేసి ఆకుపచ్చ రంగు వేశారట, కానీ కొంగ నిలబడిన తీరును మాత్రం ముట్టుకోలేదట. ఎందుకంటే ఈ కొంగ అందరిలాగా ముందుకు చూడదు, వెనక్కి చూస్తుంది, తన మూలాలను మరవని పక్షి అది, అదే తమ సంస్థ తత్వం అని ఒక పేజీ నిండా పెద్ద పెద్ద అక్షరాల్లో అచ్చు వేశారు. ఛీ, ఎవరికి చెబుతారు ఈ కబుర్లు? ఆ కొంగ ఏ మూలాల వైపూ చూడటం లేదు. అది అలా తప్పు దిక్కుకు తిరిగి నిలబడటానికి కారణం నేను. నా ఇరవై రెండో ఏట, తెలివి ఎక్కువై, ఒక పెద్దమనిషి తన చేత్తో చెక్కిన బొమ్మను ఇటుది అటు తిప్పేసి, దాన్ని సరిచేసే ఉపాయం నా వేలి కిందే ఉండి కూడా సరిచేయకుండా వదిలేశాను.

మన ఈడువాళ్ళకు ప్రెస్సు అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. శుభలేఖకైనా కర్మంత్రం కార్డుకైనా చర్చి పండుగ కరపత్రానికైనా ఏదో ఒక ప్రెస్సు గడప తొక్కినవాళ్ళమే. నేను పనిచేసింది నెల్లూరులో, ట్రంకు రోడ్డు వెనక ఒక సందులో. మా నాన్న బిట్రగుంట లోకోషెడ్డులో ఫిట్టరు, రైల్వే కాలనీలో రెండు గదుల క్వార్టరు మాది. అక్కడ పొద్దున పాసింజరు ఎక్కి నెల్లూరులో దిగి నడుచుకుంటూ ప్రెస్సుకు పోయేదాన్ని. టైపు హయ్యరు ప్యాసై ఆ పైన కంప్యూటరు నేర్చుకున్న ఆడపిల్ల మా కాలనీలో నేనొక్కదాన్నే. ఆ సంగతి పాస్టరు గారు ఆదివారం ప్రార్థనలో రెండుసార్లు చెప్పారంటే నా తల ఎంత ఎత్తుకు పోయి ఉంటుందో మీరే ఊహించుకోండి.

ప్రెస్సులో ముందు గది నాది. చెప్పులు బయట విడిచి లోపలికి రావాలి, ఏసీ ఆపకూడదు, తలుపు తెరిచి ఉంచకూడదు. ప్రెస్సు యజమానిని మేమంతా సారు అనేవాళ్ళం. ఆయన వచ్చిన ప్రతి గిరాకీనీ నా గదిలోకి తీసుకొచ్చి, శ్రీహరికోటలో రాకెట్లు పంపేవాళ్ళ దగ్గర ఉండేది కూడా ఇలాంటి కంప్యూటరే అని చెప్పేవాడు. నేను ఆ పక్కనే బొమ్మలా కూర్చుని ఆ మాటకు తలూపేదాన్ని. అదంతా తలుచుకుంటే ఇప్పుడు నవ్వు రావాలి, రాదు. వెనక రేకుల షెడ్డులో కాలితో తొక్కి అచ్చు వేసే ట్రెడిల్ మిషను, గళ్ళ గళ్ళ చెక్క అరల్లో సీసపు అక్షరాలు, ఆ అరల ముందు పగలంతా నిలబడి ఒక్కొక్క అక్షరమే ఏరి పేర్చే పెద్దాయన ఉండేవాడు. సారుకు ఆయన ఫోర్‌మన్, మిగిలిన మాకందరికీ పెద్దాయన.

పెద్దాయనది కొడవలూరు దగ్గర పల్లె. రోజూ నేను వచ్చే పాసింజరే కొడవలూరులో ఆయన ఎక్కేవాడు. నేను ఆడవాళ్ళ పెట్టెలో ఉంటే ఆయన వెనక పెట్టెలో ఉండేవాడు, నెల్లూరులో దిగాక ఇద్దరం కలిసి ప్రెస్సు దాకా నడిచేవాళ్ళం. దారిలో కనిపించిన ప్రతి అంగడి బోర్డు మీదా ఆయనకు ఒక అభిప్రాయం ఉండేది, ఫలానా కొట్టు పేరులో అక్షరాలు ఊపిరాడకుండా ఇరుక్కున్నాయని, ఫలానా డాక్టరు బోర్డులో గీత ఒకటి కుంటుతోందని. అచ్చు అక్షరం ఎదురు తిరిగి ఉంటుంది కదా, ఏళ్ళ తరబడి అలా ఎదురు తిరిగినవాటినే చదివి చదివి, మామూలు రాత కన్నా అద్దంలో రాతే ఆయనకు తొందరగా వచ్చేది. సారు బల్లకు అటువైపు కూర్చుని ఉత్తరం రాస్తుంటే ఇటు నిలబడి తలకిందులుగా చదివేసేవాడు. భోజనానికి ముందు చింతపండుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కునేవాడు, అయినా గోళ్ళ సందుల్లో నలుపు పోయేది కాదు. ఆ చేతులు నా బల్లకు తగలకుండా నేను గుడ్డ పరిచి ఉంచుకునేదాన్ని. ఆయన చూస్తుండగానే పరిచేదాన్ని.

కొంగ పుట్టింది నేను ఆ ప్రెస్సులో చేరకముందే. కొడవలూరులో కొత్తగా బియ్యం మిల్లు పెట్టిన ఆయన లేబుళ్ళకు మార్కు కావాలంటే, సారు బొమ్మను అచ్చు వేసే బ్లాకును మద్రాసులో చేయడానికి ఇచ్చాడట. తుఫానుకు రైళ్ళు ఆగిపోయి బ్లాకు రాలేదు, మిల్లు ప్రారంభం దగ్గర పడింది. అప్పుడు పెద్దాయన గట్టి చెక్క ముక్క ఒకటి నున్నగా చేసుకుని, పెన్సిలు గీత కూడా పెట్టకుండా, చిన్న ఉలితో రెండు మధ్యాహ్నాల్లో కొంగను చెక్కాడు. అది మద్రాసు బ్లాకు కాదని మిల్లాయనకు ఎవరూ చెప్పలేదట. పొలం గట్టున ఒంటికాలి మీద నిలబడి, మెడ కొంచెం వంచి, నీళ్ళలోకి చూస్తున్న కొంగ. చెక్క మీద ఎడమ వైపుకు చెక్కితే కాగితం మీద కుడి వైపుకు తిరిగి పడుతుంది, పక్కనున్న మిల్లు పేరులో మొదటి అక్షరాన్ని చేపపిల్లను చూసినట్టు చూస్తూ ఉంటుంది. ఆయనకు అదే ముఖ్యం. ఒకసారి నడకలో నాకు చెప్పాడు కూడా, బొమ్మ చూపు అక్షరం మీద పడాల అమ్మణ్ణీ, అప్పుడే జనం చూపు గూడా ఆడ పడతాది, అని. నేను ఊఁ అని, మనసులో ఈయన గొడవ ఈయనది అనుకున్నాను.

నేను చేరిన రెండో ఏడు మిల్లువాళ్ళ పనంతా కంప్యూటరు మీదికి మార్చాలని సారు నిర్ణయించాడు. బిల్లు పుస్తకాలు, గేటు పాసులు, బస్తా లేబుళ్ళు, ఉత్తరాల కాగితాలు, అన్నిటి మీదా కొంగ ఉండాలి, ఒక్కోదానిలో ఒక్కో సైజులో ఉండాలి. బొమ్మను తెచ్చి కాగితం మీద అతికిద్దామంటే ఆ కంప్యూటరు బరువు మోయలేక నిలబడిపోయేది. నాలుగు కొంగలు పెట్టేసరికి తెర నల్లబడి, చేసిన పనంతా పోయేది. అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. కొంగను బొమ్మగా కాకుండా అక్షరంగా చేస్తే? అక్షరాలు తయారుచేసే సాఫ్ట్‌వేరు ఒకటి మా దగ్గర ఉంది. దాంతో కొత్త ఫాంటు ఒకటి తయారుచేసి, అందులో ఇంగ్లీషు చిన్న కె మీట మీద అక్షరం బదులు కొంగను కూర్చోబెట్టాను. ఇక ఆ ఫాంటు ఎంచుకుని కె నొక్కితే కొంగ వచ్చి వాలుతుంది, అక్షరం సైజు పెంచితే కొంగ పెరుగుతుంది, తగ్గిస్తే చిన్నదవుతుంది, కంప్యూటరు కిక్కురుమనదు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఫైలు తెరిస్తే మాత్రం కొంగ పోయి ఉత్త కె కనిపించేది. ఒకసారి, మా పెద్ద ఆర్డర్లు అచ్చు వేసి ఇచ్చే ఆఫ్‌సెట్ ప్రెస్సువాళ్ళు చూసుకోకుండా గేటు పాసులన్నిటి నిండా కె అక్షరాలే వేసి పంపిస్తే, మిల్లు కాపలా వాడు ఇవి మావి కావని లారీలను ఆపేశాడట. అప్పటి నుంచి ఆ ఫాంటును ఫ్లాపీలో వేసి సద్దిగిన్నె సంచిలో పెట్టుకుని నేనే మోసుకుపోయేదాన్ని.

తప్పు జరిగింది ఆ ఫాంటు చేసేటప్పుడే. కొంగను స్కాను చేయాలి. పాత లేబుళ్ళలో సిరా చెదిరి గీతలు ముద్దగా ఉన్నాయి, మళ్ళీ మంచి కాగితం మీద ఒక ముద్ర వేసి ఇమ్మని పెద్దాయనను అడిగితే సరిపోయేది. అడగడం నాకు నామోషీ. షెడ్డులోంచి చెక్క బ్లాకునే తెచ్చి, పైన సిరా నలుపు ఎలాగూ ఉంది కదా అని, చెక్కిన గాడుల్లో ముఖానికి రాసుకునే పౌడరు దట్టంగా కూరి, పైన తుడిచేసి, బ్లాకును నేరుగా స్కానరు అద్దం మీద బోర్లించాను. తెర మీద కొంగ ఎంత తేటగా పడిందంటే, ఒక్కొక్క ఈక లెక్కపెట్టవచ్చు. నా తెలివికి నేనే మురిసిపోయాను, సారును పిలిచి చూపించాను. సీసం అక్షరాల మధ్య ఒక్క నెల పనిచేసిన వాడెవడైనా చేయని తప్పు అది. చెక్క మీద కొంగ ఎటు చూస్తుందో నా ఫాంటులోనూ అటే చూస్తూ ఉండిపోయింది, ఎడమ వైపుకు. పేరుకు వీపు పెట్టి. నాకు తెలియలేదు, సారుకు తెలియలేదు, కొంగ కొంగలాగే ఉంది కదా.

మొదటి లేబుళ్ళు ఎండబెట్టి ఉంటే పెద్దాయన ఒకటి తీసి చూశాడు. తిట్టలేదు, చిన్నగా నవ్వాడు.

“ఏందమ్మణ్ణీ, కొంగ అలిగినట్టుండాదే. పేరుకి ఈపు పెట్టి నిలబడుకోని ఉండాది.”

నా ముఖంలోకి వేడి ఎగదన్నింది. తప్పు తెలిసినందుకు కాదు, ఆ నల్లగోళ్ళ మనిషి నా తప్పు పట్టుకున్నందుకు. కాసేపు వాదించాను కూడా, కంప్యూటరు తప్పు చేయదని. ఆయన పాత లేబులు ఒకటి తెచ్చి కొత్తదాని పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. అప్పుడిక చేసేది లేక సారు దగ్గరికి పోయి చెబితే, సారు గుమ్మంలోకి చూసి, ఎవరూ వినడం లేదని తెలిశాక తగ్గు గొంతుతో అన్నాడు.

“బస్తాలకి ఆర్డరు పొయ్యింది. కొంగ ఎటు జూస్తే ఏంది, అన్నం ఉడక్కుండా పోతాదా? నువ్వు నోరెత్తబాక.”

ఆ సాయంత్రమే మిల్లు యజమాని షెడ్డులోకే వచ్చాడు. కొత్త లేబుళ్ళు చేతిలో పట్టుకుని వెలుతురులోకి తిప్పి తిప్పి చూశాడు. తేట తేటగా ఉన్న గీతలకు ఆయన పడిపోయాడు, కొంగ ఎటు తిరిగిందో ఆయనా పట్టించుకోలేదు. ఈసారి కొంగను ఎవరు గీశారని అడిగాడు. అప్పుడు సారు చెప్పిన మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది, ఇదంతా కంప్యూటరు గీసిందే అన్నా, మనిషి చెయ్యే పడలేదు, అని. పెద్దాయన ఆ సమయానికి షెడ్డు గుమ్మం పక్కనే నిలబడి, విప్పిన అక్షరాలను అరల్లోకి సర్దుకుంటున్నాడు. ఒక్కసారి తల ఎత్తి నా వైపు చూశాడు. సారు వైపు కాదు, నా వైపు. కొంగ ఎవరిదో తెలిసిన వాళ్ళం ముగ్గురమే, ఒకడు అబద్ధం చెప్పేశాడు, ఇంకొకాయన తనంతట తాను చెప్పుకోడు, మిగిలింది నేను. మిల్లాయన నా నెత్తిన చెయ్యి పెట్టి మంచి పని నేర్చుకున్నావమ్మా అంటే, నేను సిగ్గుపడుతున్నట్టు తల వంచుకుని నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం పుడుతుంది. పెద్దాయన మళ్ళీ అక్షరాలు సర్దుకోవడంలో పడ్డాడు, అక్షరం అరలో పడ్డ చప్పుడు ఒక్కొక్కటిగా వినిపిస్తూనే ఉంది.

రెండు రోజులు ఆయనతో కలిసి నడవలేక స్టేషనులో ముందే దిగి పరుగెత్తాను. మూడో రోజు ఉండబట్టలేక సరైన కొంగను తయారు చేశాను. ఉన్నదాన్నే తెర మీద ఇటు తిప్పి, అదే ఫాంటులో పెద్ద కె మీద పెట్టాను. అంటే చిన్న కె నొక్కితే వీపు పెట్టిన కొంగ, షిఫ్టు పట్టుకుని కె నొక్కితే పేరును చూసే కొంగ. మధ్యాహ్నం సారు భోజనానికి పోయినప్పుడు పెద్దాయనను గదిలోకి పిలిచాను. చెప్పులు విడిచి, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, ఏదీ తగలకుండా నిలబడ్డాడు. తెర మీద షిఫ్టు పట్టుకుని నొక్కి చూపించాను. కొంగ వచ్చి మిల్లు పేరు వైపు చూస్తూ నిలబడింది. ఆయన ముందుకు వంగి, చాలాసేపు, కన్ను ఆర్పకుండా చూశాడు. పాత బస్తాలు అయిపోగానే అన్నిటిలోనూ ఈ కొంగనే వేస్తాను, సారుకు నేను చెబుతాను అని మాట ఇచ్చాను. ఆయన సంతోషం మాటల్లో చూపించే మనిషి కాదు. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, ఆ మీట పేరు ఏందన్నావు, అని అడిగి, షిఫ్టు, షిఫ్టు అని రెండుసార్లు అనుకుని వెళ్ళాడు.

ఆ తర్వాత కొత్త బిల్లు పుస్తకం అచ్చుకు పోయినప్పుడల్లా, నడకలో, షిఫ్టు నొక్కినావా అమ్మణ్ణీ, అని అడిగేవాడు. ఇది పాత ఫైలు పెద్దాయనా అని ఒకసారి, సారు దగ్గరుండి చేయించాడని ఒకసారి, వచ్చే దాంట్లో తప్పకుండా అని ఒకసారి చెప్పాను. ప్రతిసారీ, అట్నేలే, అనేవాడు. ఇంతలో వెనక షెడ్డు ఖాళీ చేయాలని సారు అనుకుంటున్నట్టు తెలిసింది, సీసం అక్షరాలను కరిగించడానికి ఇచ్చేస్తారని, ట్రెడిల్‌ను పాత ఇనుముకు వేస్తారని. పెద్దాయనకూ తెలుసు. ఆయన జీవితమంతా పేర్చిన అక్షరాలు, పేర్చిన సాయంత్రమే విప్పేసి అరల్లో వేసినవే కదా, ఏదీ మిగలదు. మిగిలేది ఆ కొంగ ఒక్కటే. ఆయన ఆ మాట అనలేదు. కానీ మిల్లువాళ్ళు కొత్త సంవత్సరానికి క్యాలెండరు వేయిస్తున్నారని, దానికి పైన చేటంత కొంగ వస్తుందని నేను చెప్పిన రోజు, ఇంటి గోడకు మేకు కొట్టి ఉంచానని ఆయన మర్నాడు చెప్పాడు. తన కొంగను పక్కింటివాళ్ళకు కూడా చూపిస్తానని ఇంట్లో ఆమెతో అన్నాడట.

క్యాలెండరు చేసిన రోజు సారు ఊళ్ళో లేడు, కాగితం కొనడానికి మద్రాసు పోయాడు. అడిగేవాళ్ళు లేరు, ఆపేవాళ్ళు లేరు. షిఫ్టు పట్టుకుని కె నొక్కాను, కొంగ ఠీవిగా పేరు వైపు తిరిగి నిలబడింది, ట్రేసింగు కాగితం మీద ప్రింటు తీసి చూసుకున్నాను. ఎంత బాగుందో. ఆఫ్‌సెట్ ప్రెస్సు మనిషి వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు, కాగితం అతని చేతిలో పెడితే అయిపోయేది. అప్పుడు మొదలైంది నాకు భయం. మిల్లాయన చూసి కొంగ ఎందుకు తిరిగిందని అడిగితే, సారు నన్ను పిలిస్తే, ఇన్నాళ్ళూ తప్పు కొంగను అచ్చు వేశామని బయటపడితే, ఉద్యోగం పోతే, నాన్న రిటైరుమెంటు దగ్గర పడింది, కాలనీలో అందరూ, పాస్టరు గారు. ఇలా ఒకదాని వెనక ఒకటి. ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేసి, షిఫ్టు వదిలేసి, ఉత్త కె నొక్కి, వీపు పెట్టిన కొంగను అతనికి ఇచ్చి పంపాను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని చేయించలేదు, చెప్పుకోవడానికి సాకు కూడా లేదు.

క్యాలెండర్లు వచ్చిన రోజు పెద్దాయన చింతపండుతో చేతులు కడుక్కుని, లుంగీకి తుడుచుకుని వచ్చి, క్యాలెండర్ల కట్టలోంచి ఒకటి తీసి విప్పాడు. నేను తెర వైపు చూస్తూ ఏదో టైపు చేస్తున్నట్టు మీటలు నొక్కుతూనే ఉన్నాను.

“షిఫ్టు నొక్కేది మర్చిపోయినావా అమ్మణ్ణీ?”

కోపంగా అడిగి ఉంటే బాగుండేది. నేను సిగ్గుతో చచ్చిపోకుండా ఆయనే నా కోసం ఒక అబద్ధం వెతికి చేతికి అందించాడు. నేను దాన్ని గబుక్కున అందుకున్నాను. అవును పెద్దాయనా, తొందరలో మర్చిపోయాను, అన్నాను. పోనీలే, అని క్యాలెండరును మళ్ళీ చుట్టి దారం కట్టి చంకలో పెట్టుకున్నాడు. మేకు కొట్టి ఉంచాడు కదా.

షెడ్డు ఖాళీ చేసిన వారం నేను జ్వరమని సెలవు పెట్టాను. జ్వరమేమీ లేదు. తిరిగి వచ్చేసరికి ట్రెడిల్ లేదు, అరలు లేవు, ఆయన లేడు. నా బల్ల సొరుగులో పాత గుడ్డలో చుట్టిన చెక్క బ్లాకు ఉంది. గాడుల్లో నేను కూరిన పౌడరు అంతా ఎవరో పుల్లతో ఓపికగా తీసి శుభ్రం చేశారు. ఆ తర్వాత ఆ ఉద్యోగం చేసినన్నాళ్ళూ పాసింజరు కొడవలూరులో ఆగినప్పుడు నేను ప్లాట్‌ఫారం లేని వైపు కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. కొన్నాళ్ళకు మా ప్రెస్సులో పుస్తకాలు కుట్టే బైండింగు ఆయన, పెద్దాయన పోయాడంట, అని మాటల మధ్యలో చెప్పాడు. చూసి రావడానికి కూడా పోలేదు నేను.

ఇదీ ఆ కొంగ మూలం. ఈ పుస్తకం చూశాక ఇంట్లో కూర్చోలేక, మొన్న పెట్టె అడుగు నుంచి బ్లాకు తీసి సంచిలో వేసుకుని బస్సెక్కి కొడవలూరు పోయాను. మిల్లు ముందు భాగం ఇప్పుడు అద్దాల ఆఫీసు. మిల్లాయన కొడుకు చూసుకుంటున్నాడు, మర్యాదస్తుడే, ఆంటీ అంటూ కాఫీ తెప్పించాడు. బ్లాకు చూపిస్తే ముచ్చటపడి స్టాంపు ప్యాడు తెప్పించి దాని మీద అద్ది తెల్లకాగితం మీద ఒత్తాడు. అన్నేళ్ళ తర్వాత పెద్దాయన కొంగ కాగితం మీద పడింది, కుడి వైపుకు తిరిగి, మెడ వంచి, చక్కగా. నా కళ్ళు తడయ్యాయి. ఆ అబ్బాయి కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఆంటీ, ఇది రివర్స్‌లో పడినట్టుందే.”

ఫోనుతో ఫోటో తీసి, వేలితో ఒక్కసారి తాకి, కొంగను ఎడమ వైపుకు తిప్పేసి, ఇప్పుడు కరెక్ట్ అని నాకు చూపించాడు. అంతే, నాకు ఒళ్ళు మండిపోయింది. ఇదే సరైనదని, మీ బస్తాల మీద ఉన్నది నా తప్పని, మూలాలూ లేవు తత్వమూ లేదని, కంప్యూటరు గీసిందని మీ నాన్నకు చెప్పింది అబద్ధమని, ఇది ఇదే ఊరి పక్క పల్లె మనిషి ఉలి పట్టుకుని చెక్కినదని, గుక్క తిప్పుకోకుండా అరిచాను. ఆఫీసులో పిల్లలు పని ఆపి చూశారు. ఆ అబ్బాయికి కోపం రాలేదు. కళ్ళు పెద్దవి చేసుకుని విని, చాలా బాగుంది ఆంటీ, దీన్ని వీడియో చేద్దాం, తర్వాతి పుస్తకంలో ఆయన ఫోటో పక్కన పేరు వేద్దాం అన్నాడు. ఫోను నా ముఖం ముందుకు పెట్టి అడిగాడు, ఆయన పేరేంటి ఆంటీ, అని.

బ్లాకు మీది సిరాను రుమాలుతో తుడవడం మొదలుపెట్టాను. సారు ఫోర్‌మన్ అనేవాడు. మేము పెద్దాయన అనేవాళ్ళం. హాజరు పుస్తకంలో ఉండే ఉంటుంది, నేనెప్పుడూ తిరగేసి చూడలేదు. నాలుగేళ్ళు స్టేషను నుంచి ప్రెస్సు దాకా పక్కనే నడిచాను, అడగాలని తోచలేదు. ఆ అబ్బాయి, ఫరవాలేదు ఆంటీ, గుర్తొచ్చాక చెప్పండి, అని ఫోను దించేశాడు. గుర్తు రావడానికి అసలు తెలిసి ఉండాలి కదా.

బ్లాకు సంచిలో వేసుకుని తిరిగి వచ్చేశాను. సారు పోయి చాలా కాలమైంది, బైండింగు ఆయన ఎక్కడున్నాడో తెలియదు, ప్రెస్సు ఉన్న చోట ఫోను కవర్లు అమ్మే కొట్టు ఉంది. అప్పట్లో కొంగను తిప్పాలంటే ఉలి పట్టిన చెయ్యి ఒకటి కావాలి, లేదంటే షిఫ్టు నొక్కే ధైర్యం ఒకటి కావాలి, ఇప్పుడు ఏ పిల్లవాడైనా అద్దం మీద వేలు పెట్టి ఎటు కావాలంటే అటు తిప్పేస్తున్నాడు, తిప్పి దానికి ఒక కథ కూడా రాసేస్తున్నాడు. వాళ్ళను తిట్టుకుంటూనే పోయాను, తిట్టుకుంటూనే రావాలనుకున్నాను, దారిలో తిట్లు ఆగిపోయాయి. ఆ ప్రెస్సులో కూర్చుని ఎన్ని ఊళ్ళ పెళ్ళికొడుకుల పేర్లు, పెళ్ళికూతుళ్ళ పేర్లు, తాతల పేర్లు, పోయినవాళ్ళ పేర్లు, చందాలు ఇచ్చినవాళ్ళ పేర్లు టైపు చేశానో నాకే తెలియదు. ఆయన పేరు ఒక్కసారి కూడా టైపు చేయలేదు.